మూడు ఊళ్ల చిరునామాలు

పిల్లలూ! మీ ఊరి పిన్‌కోడ్ మీకు తెలుసునా? మా తెనాలికి 522201. బాపట్లకు 522101, రేపల్లెకు 522265. మొదటి మూడంకెలూ మూడు ఊళ్లకూ ఒకటే. చివరి మూడూ వేరు. 1972లో వచ్చిన ఈ పద్ధతివల్ల ఉత్తరం దారి తప్పదు.

నాకు హామ్ రేడియో అంటే సరదా. పరీక్ష ప్యాసయి, ప్రభుత్వంవారి లైసెన్సు పుచ్చుకుని, లాభాపేక్ష లేకుండా రేడియోలో మాట్లాడుకునేవారే హాములు. రేడియోకు కంప్యూటరు తగిలించి గాలిలోనే కబుర్లు పంపవచ్చు. అయితే ప్రతి కంప్యూటరుకూ ఒక చిరునామా కావాలి. అదీ అంకెలే!

1981లో అమెరికాలో హాంక్ మాగ్నస్కీ అనే హాము, తోటి హాములందరి కోసం 44తో మొదలయ్యే చిరునామాలు సంపాదించాడు. అవి సుమారు 1 కోటీ 67 లక్షలు! (2019లో వాటిలో పావువంతు అమ్మేశారు.) ఇన్నింటిని ఒక్కడే కూర్చుని పంచగలడా? అందుచేత ఒక్కొక్క దేశానికీ, ప్రాంతానికీ కొన్ని చొప్పున విడదీసి, పంచే పని అక్కడి హాముకే అప్పగించారు. వాళ్లు జీతం లేకుండా ఆ పని చేశారు.

ఇంత తెలిసీ నేనొక తెలివితక్కువ పని చేశాను. బాపట్లలో మా బాబాయీ, రేపల్లెలో మా మామయ్యా హాములే. మా మూడిళ్ల చిరునామాల పుస్తకం నా దగ్గరే ఉండాలని పట్టుబట్టాను. ఎవరు కొత్త యంత్రం పెట్టినా నన్నే అడగాలి! ఒకనాడు బాబాయికి ఒక అంకె చెప్పి, పుస్తకంలో రాయడం మరిచాను. వారం తిరక్కుండా అదే అంకె మామయ్యకూ ఇచ్చాను.

అంతలో తుఫాను హెచ్చరిక వచ్చింది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన 10,000 మందికి పైగా పొట్టన పెట్టుకున్న సంగతి మా వైపు పెద్దలు ఇంకా మరిచిపోలేదు. "మామయ్యా, అందరూ క్షేమమేనా?" అని రేపల్లెకు కబురు పంపాను. "అందింది" అని యంత్రం జవాబిచ్చింది. నిశ్చింతగా నిద్రపోయాను.

తెల్లవారాక తెలిసింది, ఆ జవాబు బాపట్ల యంత్రానిదని! ఒకే పేరున్న ఇద్దరిలో ఎవరు ముందు పలికితే వాళ్లకే కదా కబురు! పాపం, మామయ్య రాత్రంతా నా కబురు కోసం మేలుకునే ఉన్నాడు. అదృష్టవశాత్తూ గాలి మళ్లిపోయింది.

నేను సిగ్గుతో తల వంచుకున్నాను. మామయ్య కోప్పడలేదు. "ఒరే అల్లుడూ, మా ఇంట్లో ఎన్ని యంత్రాలున్నాయో తెనాలిలో ఉన్న నీకేం తెలుస్తుందిరా? మా వాటా మాకు పడెయ్యి, మేం చూసుకుంటాం" అన్నాడు.

ఆ రోజే ఊరికి 16 అంకెలు చొప్పున పంచేశాను. ఎవరి పుస్తకం వారిదే. ఒకరి వాటాలోని అంకె ఇంకొకరు ముట్టుకోరు. ఆ తరవాత ఒక్క అంకె కూడా రెండిళ్లలో పడలేదు. ఇప్పుడు రేపల్లె నుంచి "అందింది" అని వస్తే, అది మామయ్య ఇంటి మాటే!