ఈకలొచ్చాక గూటికి

గన్నవరం దాటి హనుమాన్ జంక్షన్ వైపు వెళ్తుంటే లేయర్ ఫారాల పొడవాటి షెడ్లు కనిపిస్తాయి. మేం వెళ్లింది వాటికోసం కాదు. ఉంగుటూరు మండలంలో కాలవ గట్టు దిగి ఒక పల్లెలోకి వెళ్లాం. అక్కడ ఒక ఇంటి వెనక వసారాలో వనరాజ కోడిపిల్లలు ఆరో వారంలో పడ్డాయి. పొద్దుగూకాక వాటిని పెరట్లోని గూటికి మార్చాలి.

పెరటి పెంపకం కోసం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన రకం వనరాజ. గుడ్ల కోసం గ్రామప్రియను తెచ్చిందీ ఆ సంస్థే. నాటుపెట్ట 21 రోజులు పొదిగి, పిల్లలు బయటికొచ్చాక రెక్కల కింద దాచుకుని తిప్పుతుంది. ఎప్పుడు మేపాలో, ఎప్పుడు వెచ్చబెట్టాలో దానికే తెలుసు. హేచరీ నుంచి అట్టపెట్టెలో వచ్చిన పిల్లకు ఆ తల్లి ఉండదు. ఆ పనంతా వెచ్చబెట్టే బ్రూడర్, దాన్ని చూసుకునే మనిషి కలిసి చెయ్యాలి.

ఇంటావిడ వసారా మూల రేకును గుండ్రంగా వంచి చిక్ గార్డు కట్టారు. లోపల వరి ఊక పరిచి, పైన బల్బులు వేలాడదీశారు. మొదటి వారం పిల్లల దగ్గర 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి. ఆ తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించాలి. ఈ లెక్కన అయిదో వారానికి 75 చాలు, అంటే దాదాపు 24 సెల్సియస్. బెజవాడ చుట్టుపక్కల ఏడాదిలో చాలా రాత్రులు అంతకన్నా వెచ్చగానే ఉంటాయి. ఎండాకాలం పగలైతే బల్బు వెలిగించడమే పొరపాటు. చలిదేశాల్లో పిల్లల్ని బయటికి తెచ్చేవాళ్లు ముందు థర్మామీటరు చూస్తారు. డెల్టాలో చూడాల్సింది నేల.

‘చలికి కాదండీ, చెమ్మకే పోతాయి’ అంటూ ఆవిడ గుప్పెడు ఊక తీసి గట్టిగా పిసికి వదిలారు. అది పొడిపొడిగా రాలింది. ఉండకట్టిందంటే తడి ఎక్కువున్నట్టే. ఆ తడిలో రక్తపారుడు తెగులు కాచుకుని ఉంటుంది. ఈ తెగులు తెచ్చే కాక్సిడియా గుడ్లు రెట్టలో బయటపడ్డాక వెచ్చదనం, చెమ్మ దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే తెగులు అంటించే దశకు వస్తాయి. పిల్లలు దీనికి ఎక్కువగా లొంగేది మూడు నుంచి ఆరు వారాల వయసులో. సరిగ్గా బయటికి మార్చే రోజులు కూడా అవే. కాలవ నీటి ఊట, తుపాను వానలు ఉన్న ఈ నేల మీద ఇది చిన్న విషయం కాదు. అందుకే గూడు నేలకు ఆనకుండా మోకాలెత్తు గుంజల మీద లేచింది. అడుగున వెదురు బద్దలు కట్టారు, వాటి సందుల్లోంచి రెట్ట కిందికి జారిపోతుంది. కప్పు సిమెంటు రేకు, దానిమీద ఎండ తగ్గడానికి తాటాకు.

తర్వాత ఆవిడ ఒక పిల్లను పట్టి, రెక్క విప్పి చూశారు. దాన్ని తిప్పి రొమ్ము మీద ఉఫ్ అని ఊదారు. నూగు పోయి ఈకలు దట్టంగా వచ్చాయా, ఎక్కడైనా చర్మం కనిపిస్తోందా అని వెతికారు. మెడ దగ్గర ఇంకా నూగున్న రెండింటిని పక్కన పెట్టేశారు. ఈ పరీక్షే నాకు అన్నిటికన్నా నచ్చింది. పిల్లలు క్యాలెండర్ చూసుకుని ఎదగవు.

అంతకు ముందే వాటిని బయటి వాతావరణానికి అలవాటు చేశారు. మొదట పగలు బల్బు ఆపారు, తర్వాత రాత్రి. గోనెపట్టాలు కొద్దికొద్దిగా ఎత్తుతూ గాలి అలవాటు చేశారు. ఆపైన ఎండ తగిలే వేళల్లో కాసేపు పెరట్లోకి వదిలారు. మేతనూ ఒక్కసారిగా మార్చలేదు, పిల్లల దాణాలో నూకలు, తవుడు కొంచెం కొంచెంగా కలుపుతూ వచ్చారు. మొదటి వారంలో కొక్కెర తెగులుకు లసోటా, రెండో వారంలో గంబోరో తెగులుకు టీకా అప్పటికే పడ్డాయి.

చీకటి పడ్డాక గంపల్లో పెట్టి మార్చారు. మసకలో పిల్లలు బెదరవు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చచ్చే ప్రమాదం తక్కువ. గూట్లో బెల్లం నీళ్లు సిద్ధంగా ఉన్నాయి. పెద్దకోళ్లను మాత్రం ఇటు రానివ్వలేదు. అవి పొడవడం ఒక్కటే కాదు, తమకు హాని చెయ్యని రోగాలను కూడా పిల్లలకు అంటించగలవు. మధ్యలో ఇనుప జాలీ కట్టేశారు.

నాలుగైదు రోజులు తలుపు తియ్యరట. రాత్రి పడుకునే చోటు ఇదేనని పిల్లలకు తెలియాలి. ఆ తర్వాత పగలు వదిలినా, సాయంత్రం గూటి ముందు నూకలు చల్లితే వాటంతటవే లోపలికి వస్తాయి. పగటి గద్దకు చెట్టునీడ, పొదలే దిక్కు. ముంగిసకూ, రాత్రి పిల్లికీ మాత్రం గట్టి గడియ కావాలి. జాలీ కన్నాల్లో ముంగిస తల పట్టిందంటే ఇక పిల్లలు మిగలవు.

ఎనిమిదో వారంలో కొక్కెర తెగులుకే ఆర్‌2బి టీకా వెయ్యాలి. గన్నవరంలో 1998లో మొదలైన ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దగ్గరే ఉంది కాబట్టి, అనుమానం వస్తే అక్కడికి వెళ్లడం ఈ చుట్టుపక్కల రైతులకు సులువు. ఖాళీ అయిన వసారాలో పాత ఊక అప్పటికే ఎత్తేశారు. అది పొలానికి ఎరువు. నేలకు సున్నం కొట్టి, రెండు వారాలు ఎండనిచ్చాకే తర్వాతి పెట్టె తెప్పిస్తామన్నారు.