ఖాళీ గడి

కూడు, గుడ్డ, గూడు అని మన పెద్దలు మానవుని కనీసావసరాలను మూడు మాటలలో చెప్పారు. గూడు లేనివానికి తక్కిన రెండూ నిలకడగా దక్కవు. దాచుకునే చోటు లేక గుర్తింపుకార్డు, మందుల చీటీ కూడ చేజారిపోతాయి. క్రమంగా అతడు నలుగురి నడుమ ఉంటూనే ఏ పుస్తకంలోనూ కనిపించని మనిషి అవుతాడు. అట్టివానికి ఇల్లు ఇవ్వదలచినవారు మొదట చేయవలసిన పని అతని పేరు వ్రాసుకోవడం.

సంపన్నదేశమైన అమెరికాలోనూ ఈ సమస్య తీవ్రంగా ఉన్నది. 2024 జనవరిలో జరిపిన ఒక్క రాత్రి లెక్కింపులో అక్కడ 7,71,480 మంది నిరాశ్రయులుగా తేలారు. వీరి సహాయార్థం ఆ దేశంలో 1987లోనే కేంద్రప్రభుత్వ చట్టం వచ్చింది. అయితే ఎవరికి ఏ సాయం అందినదో, ఒకే మనిషి ఎన్ని చోట్ల లెక్కకు వచ్చాడో తెలుసుకోవడం కష్టమయ్యేది. అందువల్ల 2001లో అమెరికన్ కాంగ్రెస్ సమాచార సేకరణకు ఆదేశించింది. 2004లో గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ అందుకు ప్రమాణాలను ప్రకటించింది. ఆ ప్రకారం ఆయా ప్రాంతాలలో సహాయసంస్థలు కలిసి వాడుకునే డేటాబేస్‌ను 'నిరాశ్రయుల సమాచార నిర్వహణ వ్యవస్థ' అంటారు.

చిరకాలం వీధిలో ఉండి, వైకల్యం వల్ల తమంత తాము నిలదొక్కుకోలేనివారికి 'సపోర్టివ్ హౌసింగ్' అనే ఏర్పాటు ఉన్నది. ఇందులో తక్కువ అద్దెకు ఇల్లు చూపడమే కాక, వైద్యం, సలహా, తోడు కూడ సమకూరుస్తారు. ఇళ్ళు కొన్ని, ఎదురుచూసేవారు అనేకులు. కనుక దీర్ఘకాలిక నిరాశ్రయులకై కేటాయించిన ఇంటికి అర్హత నిరూపించుకోవాలి. వైకల్యంతోపాటు, వరుసగా 12 నెలలు గాని, 3 సంవత్సరాలలో కనీసం 4 పర్యాయాలుగా మొత్తం 12 నెలలు గాని వీధిలోనో, తాత్కాలిక ఆశ్రయంలోనో గడిపి ఉండాలి.

వంతెన కింద పడుకున్నవాడు ఇన్ని నెలలకు సాక్ష్యం ఎక్కడినుంచి తెస్తాడు? వీధి ఎవరికీ రసీదు ఇవ్వదు. నమోదు చేసేవారి విలువ ఇక్కడే తెలుస్తుంది. ఒక మాసంలో ఏ ఒక్కనాడైనా కార్యకర్త అతనిని చూచి వ్రాసి ఉంటే, నడుమ వేరొకచోట నివసించాడన్న ఆధారం లేనంతవరకు, ఆ మాసమంతా నిరాశ్రయుడుగా గడిపినట్లే నియమాలు పరిగణిస్తాయి. చలిరాత్రి దుప్పటి కప్పి వచ్చిన కార్యకర్త అలసటచేత ఆ ఒక్క పంక్తి వ్రాయకపోతే, ఆ మనిషి లెక్కలో ఒక నెల తగ్గుతుంది. దానితోపాటు ఇల్లు కూడ దూరం కావచ్చు.

కేస్ మేనేజర్ అడిగే ప్రశ్నలలో కొన్ని పాత గాయాలను తాకుతాయి. జవాబు రానప్పుడు నమోదుకు మూడు మార్గాలున్నాయి: 'తెలియదు', 'చెప్పడానికి ఇష్టపడలేదు', 'సమాచారం సేకరించలేదు'. చూపునకు మూడూ ఖాళీలే. అయితే మొదటిది జ్ఞాపకం చెదిరిన మనిషి స్థితి; రెండవది అతని స్వేచ్ఛ; మూడవది అడగవలసినవారు అడగలేదన్న సంగతి. రెండవదానిని పూర్వం 'నిరాకరించారు' అని వ్రాసేవారు. 2023 అక్టోబరునుంచి ఆ మాట మారింది. మౌనంగా ఉన్న మనిషిపై నేరం మోపినట్లు ధ్వనించే పదం తొలగిపోవడం మేలే.

ఖాళీలు ఎక్కువైతే నివేదిక బాగుండదన్న భయంతో ఊహించి నింపాలనిపించడం సహజం. కాని పుట్టిన తేదీ తప్పుగా వ్రాస్తే ఒకే మనిషి ఇద్దరుగా కనిపించవచ్చు. ఊహతో వ్రాసిన వ్యాధి ఏండ్ల తరబడి అతని వెంట నడుస్తుంది. అబద్ధంతో నిండిన గడి కన్న నిజం చెప్పే ఖాళీ గడి మేలు.

అసలే వ్రాయకూడని సందర్భమూ ఉన్నది. గృహహింస బాధితులకై పనిచేసే సంస్థలు వారి వివరాలను ఈ ఉమ్మడి డేటాబేస్‌లో చేర్చరాదని చట్టం నిషేధించింది. ఇల్లు చూపవలసిన నమోదు, వెంటాడేవానికి దారి చూపరాదు కదా!

ఇల్లు పొందేవారి పత్రంలో రెండు తేదీలుంటాయి. ఒకటి పథకంలో చేరిన తేదీ. మరొకటి ఇంట అడుగుపెట్టిన తేదీ. ఆ రెంటి నడుమ ఎన్ని దినాలు గడిస్తే, అన్ని దినాలు అతడు ఇంకా ఇల్లు లేనివాడే. రెండు చోట్లా ఒకే తేదీ వేస్తే పత్రం చక్కగానే కనిపిస్తుంది. కాని అతని నిరీక్షణకు జవాబు చెప్పవలసినవారు ఎవరూ మిగలరు.

మనిషి హాస్యం, అభిమానం, భయం ఏ గడిలోనూ ఇమడవు. అయినా ఆ గడులు లేనిదే అతనికి తలుపు తెరుచుకోదు. అందుచేత వ్రాసేవారు చూచినది చూచినట్లు, చెప్పినది చెప్పినట్లు, చెప్పనిది చెప్పనట్లు వ్రాయాలి. నోరు లేనివాని పక్షాన సాక్ష్యం పలికేది ఆ అక్షరాలే.