లండను నగరమందలి నాణెముల యంగళ్లు

లండను నగరమునకు బోయి వచ్చినవారందఱును రాజసౌధమును, వంతెనలను, గడియారపు గోపురమును గూర్చి చెప్పుదురు. వానిని గూర్చి మన పత్రికలయందు వ్యాసములు పెక్కులు వెలువడినవి. నేను సోదరీమణులకు విన్నవింపదలచినది వేఱొకటి. పాత నాణెములను, యుద్ధపతకములను గొని యమ్ముటయే కులవృత్తిగా దరతరములు నడపిన కుటుంబములు ఆ నగరమున గలవు. వెండిబంగారముల వర్తకము మన మెఱిగినదే. కాని చెల్లుబడి యుడిగిన నాణెమునకు గూడ నొక యంగడి యుండుననియు, ఆ యంగడి పేరు మూడు నూఱేండ్లకు బైగా నిలువగలదనియు మనలో జాలమంది యెఱుగరు.

అయినను ఈ విషయము మనకు దూరమైనది కాదు. పోపులపెట్టె యడుగునను, దేవుని పెట్టెలోను, అమ్మమ్మగారి కాసులపేరునను పాతనాణె మొక్కటియైన లేని యిల్లు మనలో నరుదు. కాసనియు సవరననియు మనము చెప్పుకొను 8 గ్రాముల తూనిక, ఆంగ్లేయుల సవరను నాణెపు బరువైన 7.98 గ్రాములకు సరిపోవునదే. ఆ నాణెముమీద గుఱ్ఱపురౌతు సర్పమును బొడుచుచుండు బొమ్మను మన ముత్తవలు కంఠమున ధరించి పేరంటములకు బోయిరి. 1918వ సంవత్సరమున నా నాణెములు బొంబాయి టంకశాలయందు గూడ ముద్రితములయ్యెను. ఆ యేటి నాణెమున గుఱ్ఱముక్రింది నేలపై ఐ అను చిన్న ఆంగ్లాక్షర ముండును. పెట్టె తెఱచి చూచుకొనదగిన సంగతి యిది.

మా ఆడుబిడ్డ సంసారము లండనులో నుండుటచే, పాఠశాలకు సెలవు లిచ్చిన పిదప మా వారితో గూడ నేనును బోయి మూడు వారము లుంటిని. మా వారు చరిత్ర బోధించువారు గాన, ఈ యంగళ్లు పుట్టిన చోటే మొదట జూడవలెనని లంబార్డు వీథికి దీసికొనిపోయిరి. ఇటలీదేశమందలి లంబార్డీ ప్రాంతమునుండి వచ్చిన స్వర్ణకారులును, వడ్డీవర్తకులును పూర్వమచ్చట నివసించుటచే నా వీథి కా పేరు వచ్చినది. వీథి యిఱుకైనది, ఇరువైపుల నెత్తైన ఱాతిభవనములు. తలయెత్తి చూచినచో నొకచోట బంగారుపూత పూసిన మిడుతబొమ్మయు, నొకచోట పిల్లియు ఫిడేలును వ్రేలాడుచుండును. చదువురాని జనులు అంగడిని గుర్తించుటకు బూర్వ మిట్టి బొమ్మలు గట్టెడివారట. ఇప్పుడు గనబడునవి 1902లో ఏడ్వర్డురాజు పట్టాభిషేకమునకై కట్టినవి.

1666వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన, ఇచ్చటికి సమీపమున నొక రొట్టెలవాని యింట నిప్పంటుకొని నాలుగు దినములు మండి, 13,200 ఇండ్లను దహించినది. ఆ యేటనే జాన్ స్పింకు అను స్వర్ణకారుడు ఈ లంబార్డు వీథియందు అంగడి పెట్టెనని ఆ సంస్థవారు తమ చరిత్రను జెప్పుకొందురు. ఆయన తాకట్టు వ్యాపారమును గూడ జేసెడివాడు. తాకట్టుపెట్టిన సొమ్ము విడిపించుకొనలేనివారు ఏ కాలమునందైన నుందురు. స్వర్ణకారుని చేతికి వచ్చిన పాతనాణెమునకు రెండే గతులు. మూసలో బడినచో నది బంగారమగును. ఇది యెవరి కాలపు ముద్రయో గదా యని ప్రక్కన బెట్టినచో జరిత్ర యగును. నాణెముల వర్తకము ఆ ప్రక్కన బెట్టుటనుండియే పుట్టినదని నాకు దోచినది.

పిమ్మట నా యంగడి దగ్గఱనున్న గ్రేస్‌చర్చి వీథికిని, అటనుండి పికడిల్లీకిని, 1927లో కింగు వీథికిని, 2000లో బ్లూమ్స్‌బరీ పేటయందలి సౌతాంప్టను రోకును మాఱినది. 1892లో వారారంభించిన నాణెముల పత్రిక నూఱేండ్లకు మించి నడచినది. 1900లో విక్టోరియారాణి కొలువునకు బతకములు చేయువారుగా గౌరవమును బొందిరి. 1993లో నా సంస్థను క్రిస్టీసు అను వేలముసంస్థవారు కొనిరి. తరువాత నితరుల చేతులకు మాఱినది. పేరు మాత్రము నేటికిని స్పింకే. 1872లో ఆల్బర్టు హెన్రీ బాల్డ్విను స్థాపించి, కుమారులను జేర్చుకొని నడపిన యంగడి కథయు నిట్టిదే. అదియు నేడు కుటుంబముది కాదు, కాని పేరు చెక్కుచెదరలేదు. 1926లో నారంభమైన సీబీవారి సంస్థ వెలయించిన బ్రిటను నాణెముల ప్రామాణికపు పట్టిక, ఇప్పుడు స్పింకువారి పేర వెలువడుచున్నది. ఒక యింటి విద్య మఱియొక యింటికి జేరినదన్న మాట.

ఆ విద్య యెట్టిది? నాణెమును వ్రేళ్లతో మొగముపై దాకక, అంచున బట్టుకొనుట మొదటి పాఠము. చేతి చెమటయే లోహమునకు శత్రువు. తూచుట, కొలుచుట తరువాతివి. పోతపోసి చేసిన దొంగనాణెమున జిన్న గుంటలు గనబడును. అంచున నతుకుజాడ యుండును. అక్షరముల యంచులు మెత్తబడియుండును. అన్నింటికంటె ముఖ్యమైనది వ్రాత. సొరుగులలో బ్రతి నాణెముక్రిందను నొక గుండ్రని కాగితపుముక్క యుండును. ఏ రాజుది, ఎక్కడ దొరకినది, ఎవరియొద్ద నెప్పుడు కొన్నది అని సన్నని యక్షరములతో వ్రాసియుందురు. తాత వ్రాసినదానిక్రింద మనుమడు తన మాటను జేర్చును. కొనువాడు నాణెముతోపాటు ఆ కాగితమును గూడ దీసికొనిపోవును.

బ్లూమ్స్‌బరీ పేటలోనే బ్రిటిషు మ్యూజియమున్నది. అచ్చట మన గుంటూరు మండలపు టమరావతీ శిల్పములను జూచి కన్నులు చెమర్చినవి. వానిలో జాలభాగము వాల్టరు ఎలియటు దొర 1845లో ద్రవ్వించినవి. ఆయనయే దక్షిణదేశపు నాణెములను గూర్చియు గ్రంథము వ్రాసెను. మ్యూజియమునుండి వెలుపలికి వచ్చి సందులలో నడచుచుండగా నొక చిన్న నాణెముల యంగడి కనబడినది. ఇది పెద్ద పేరుగలది కాదు. డెబ్బది యేండ్లు దాటిన యొక యింటియిల్లాలు బల్లవెనుక గూర్చుండియున్నది. మామగారు పెట్టిన యంగడి యట. భర్త గతించిన పిదప తానే నడపుచున్నదట. మేము తెలుగుదేశమువారమని చెప్పగానే యామె లేచి, యొక సొరుగు లాగి, చీకటివన్నె కెక్కిన రాగినాణె మొకటి నా యరచేత నుంచినది.

“ఇది మీ సొమ్మే నమ్మా! దారి తప్పి మాయొద్ద నిలిచినది,” అనెను.

దానిపై నొకవైపు సింహములు పట్టుకొన్న కుంఫిణీవారి చిహ్నము, 1808 అను సంవత్సరము. ఇంకొకవైపు పారసీ యక్షరములలో వెల. అది యిరువది కాసుల నాణెము. మన కాసు శబ్దమే ఆంగ్లేయుల నోట కాష్ అయి నాణెమునకు బేరైనది. చెన్నపురి రాజధానియందు, అనగా మన సర్కారులయందును దత్తమండలమునందును గూడ, చెల్లుబడి కావలసిన యా రాగినాణెములను బర్మింగుహాము నగరపు సోహో టంకశాలలో మాథ్యూ బోల్టను సంస్థవారు ముద్రించిరి. ఆడ్మిరల్ గార్డ్నరు అను నోడ వానిని దీసికొని బయలుదేఱి, 1809 జనవరిలో దుపానున జిక్కి, కెంటు తీరమున గుడ్విను ఇసుకదిబ్బలపై బగిలి మునిగిపోయినది. నూటడెబ్బదియైదేండ్లు సముద్రమున నుండి, 1980 దశకమున నవి లక్షలకొలది బయటబడినవి. మన సంతలలో గూరగాయలకును, ఉప్పునకును మాఱవలసిన కాసులు, మన గడ్డ మెట్టకయే లండను సొరుగులలో నిలిచినవి. చేప కడుపునుండి వెడలిన దుష్యంతుని యుంగరము జ్ఞప్తికి వచ్చినది. సముద్రమునుండి వచ్చినందున దీని వెల యెంతో యుండునని తలచితిని. ఆ యూర సామాన్యమైన యొకపూట భోజనపు వెలయే! అవి యెక్కువగా దొరకుటచే జౌక. మా వారొకటి కొనిరి.

తరువాత నామె పతకముల సొరుగు తెఱచినది. మొదటి మహాయుద్ధమున బ్రిటిషు సేనలలో బనిచేసినవారి కిచ్చిన పతకములయంచున సైనికుని సంఖ్యయు, పేరును, దళమును ముద్రితమై యుండును. మనదేశపు సిపాయీల పతకములకును అట్లే. పతకము వెల యా పేరులోనే యున్నదని యామె చెప్పినది. పేరు నాకురాయితో నఱుగదీసినచో మిగులునది వెండి తూకము మాత్రమే. వేఱొక సొరుగున 12 సెంటీమీటరుల వెడల్పు గల కంచుబిళ్లలుండెను. ఆ యుద్ధమున మృతిజెందినవారి కుటుంబములకు బ్రభుత్వము వారు పంపినవవి. 13 లక్షలకు బైగా చేయించిరి. వానిలో సుమారు 600 స్త్రీల పేర నున్నవి. హోదా లేమియు లేక పేరు మాత్రమే యుండును. చావునందు దళపతియు సిపాయియు సమానులని యూహ. జనులు దానిని చచ్చినవాని పెన్నీ యని పిలిచిరట. ఆ మాటలోని కోపమును, దుఃఖమును వివరింప బనిలేదు.

“ఇవి యమ్ముటకు మీకు మనసెట్లొప్పునమ్మా?” అని నేనడిగితిని.

ఆమె కోపింపలేదు. “మా మామగారొక నియమము పెట్టిరి. ఇంట జావు జరిగిన నెలలో నెవరైన బతకము దెచ్చినచో కొనగూడదు. ఇంటికి దీసికొనిపొండు, మఱల నెలకు రండు అని చెప్పవలెను. సగముమంది మఱల రారు. వచ్చినవారిని గూర్చుండబెట్టి, ఆ మనుష్యుని గూర్చి చెప్పించి వ్రాసికొనవలెను. వ్రాయనిచో నమ్మినదియు గొన్నదియు లోహమే. నేనీ యింటికి గోడలుగా వచ్చి నలువదేండ్లు చేసినపని యా వ్రాతయే,” అని చెప్పినది.

ఆ యంగడి ముందెట్లగునని మా వారడిగిరి. కుమారుడు వేఱుద్యోగమున నున్నాడట. కుమార్తె శనివారములందు వచ్చి కూర్చుండునట. ఇప్పుడు క్రయవిక్రయములు చాలవఱకు వేలములందును, కంప్యూటరు తెరలపైనను జరుగుచున్నవి. “నా తరువాత సొరుగులు వేలమునకు బోవచ్చును. అందుకే ప్రతి కాగితమును మఱల జక్కగా వ్రాయుచున్నాను. అంగడి లేకపోయినను, మాట వానితో బోవలెను,” అనెను. బల్లపై సగము వ్రాసిన కాగితపుముక్కలు గుట్టగా నుండెను.

పెద్దసంస్థల పేర్లు కుటుంబమును వీడియు నిలిచినవి. ఈ చిన్నయంగడి పేరు నిలువకపోవచ్చును. కాని యా రెంటను వంశపారంపర్యముగా వచ్చినది పెట్టెలోని సొమ్ము కాదు. సొమ్మును గూర్చిన యెఱుకయు, అబద్ధమాడని నోరును. ఆ యెఱుకను నిలుపువారు తఱచుగా నింటనుండి చెప్పువారును, వ్రాయువారునే. మన యిండ్లలో నాపని స్త్రీలది. అత్తగారు కోడలికి నగ నిచ్చునపుడు “ఇది మా యమ్మ పసుపుకుంకుమలతో నిచ్చినది” అని చెప్పు నొక్క మాటయే ఆ గుండ్రని కాగితపుముక్క. చెప్పక యిచ్చిన నగ రెండవతరమున మూసకు బోవును.

సోదరీమణులారా! ఈ వర్తకులనుండి మనము గ్రహింపదగినవి కొన్ని గలవు. పాతనాణెమును జింతపండుతోగాని ముగ్గుతోగాని తోమకుడు. ఏండ్లతరబడి దానిపై గట్టిన వన్నెయే దానికి రక్ష. తోమినచో నక్షరము లఱుగును, వెలయు బోవును. క్రొత్తగా దొరకిన నాణెమునకు గొలుసుకై కొక్కెము నతికింపకుడు. పూర్వమే కాసులపేరున జేర్చినదానిని మాత్రము విడదీయ బనిలేదు, ఆ హారమే యొక చరిత్ర. తాతగారి సేనాపతకమున్నచో నంచున బేరు చదివి, ఆయన జాబులతోడను, చిత్రపటముతోడను గలిపి యుంచుడు. పొలము దున్నునపుడు నాణెముల బిందె దొరకినచో దాచుట నేరము. 1878వ సంవత్సరపు నిధినిక్షేపముల చట్టము ననుసరించి, 10 రూపాయల విలువ మించిన నిధిని గూర్చి కలెక్టరుగారికి దెలుపవలెను. నూఱేండ్లు దాటిన పురావస్తువులను విదేశములకు బంపుటను 1972 నాటి చట్టము నిషేధించుచున్నది. మన యమరావతి యెక్కడ నున్నదో చూచివచ్చినదానను గాన నా నిషేధము సరియైనదే యని నమ్ముచున్నాను.

వీనికంటె ముఖ్యమైనది, ఖర్చులేనిది మఱియొకటి గలదు. ఒక శుక్రవారమున బెట్టె తెఱచి, అందున్న నాణెమును, ఉంగరమును, పతకమును వరుసగా బెట్టుకొని, ఎవరిది, ఎట్లు వచ్చినది, ఎవరు ధరించినది అని యొక్కొక్కదానికి రెండేసి పంక్తులు వ్రాసి దానితోడనే యుంచుడు. తెలియనిదానిని, ఇంటి పెద్దలు బ్రతికియుండగనే యడిగి తెలిసికొనుడు. వారు పోయిన పిదప నా మాటను జెప్పు వర్తకుడు లండను నగరమునందును దొరకడు.