మా నాన్న మారుతీకి పళ్ళెన్ని?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, నాన్న కాస్త మంచి మూడ్‌లో ఉన్నాడు కదా అని మెల్లగా అడిగేశాను. "నాన్నా, షెడ్డులో ఉన్న కారు నాకిచ్చెయ్యి. ర్యాలీకి తయారు చేసుకుంటా" అని.

నాన్న పేపరు కిందకి దించి, కళ్ళజోడు పైనుంచి ఓసారి చూసి, "దానికి పళ్ళెన్నిరా?" అన్నాడు.

అది ఎగతాళో, నిజంగా అడిగిన ప్రశ్నో ఆ క్షణంలో నాకర్థం కాలేదు. మాది పొన్నూరు. గుంటూరు వైపు ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకి ఈ పళ్ళ గోల తెలుసు. గిత్తల వయసుని పళ్ళని బట్టి లెక్కగట్టి రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని విడదీస్తారు. ఒక విభాగంలో దిగిన జతలన్నిటికీ బండ ఒకటే, టైమూ ఒకటే. ఆ టైములో ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. మా తాతకి గిత్తలుండేవి. వాటి వెనక అరుచుకుంటూ పరిగెత్తిన బాపతే మా నాన్న.

ఇహ కారు సంగతి. 1998లో కొన్న తెల్ల మారుతీ 800. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బొరేటరు, నాలుగు గేర్లు, 12 అంగుళాల చక్రాలు. పవర్ స్టీరింగు లాంటి వేషాలేమీ లేవు. బరువు 650 కిలోలు అటూ ఇటూ. 15 ఏళ్ళు నిండాక 2013లో ఒకసారి, 2018లో ఒకసారి, 2023లో ఒకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ వచ్చాడు నాన్న. "అమ్మెయ్యొచ్చుగా" అంటే, "ఉండనియ్యరా, గడ్డేమన్నా అడుగుతుందా?" అనేవాడు. నాకు ఇంజనీరింగ్ సీటొస్తే పెట్టె పెట్టుకుని హాస్టలుకి వెళ్ళింది అందులోనే. అమ్మకి బాగోనప్పుడు వారానికోసారి గుంటూరు తిప్పిందీ అందులోనే. ముందు కూర్చోలేక వెనక సీట్లో పడుకునేది.

నాకీ పిచ్చి ఎక్కడ పట్టిందో చెప్పాలి కదా. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగింది, గుర్తుందా? ఆఫీసు జనంతో కలిసి వెళ్ళాను. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రోజూ ట్రాఫిక్కులో ఇరుక్కుని తిట్టుకునే రోడ్ల మీద ఆ కార్లు దూసుకుపోతుంటే ఒళ్ళు పులకరించిందనుకోండి. కానీ ఇంటికొచ్చేటప్పుడు ఒకటే ఆలోచన. మనూళ్ళో పందెం జరిగినా మనం చెయ్యగలిగింది టికెట్టు కొనుక్కోవడమేనా? (తర్వాతి ఏడాది జరగాల్సింది రద్దయింది. ఆ టికెట్టు భాగ్యం కూడా లేకుండా పోయింది!)

అప్పట్నుంచీ జీతగాడు దిగగలిగే పందేలేమున్నాయని వెతకడం మొదలెట్టాను. తీరా చూస్తే, మా షెడ్డులో ఉన్న ఇంజనుకి పెద్ద చరిత్రే ఉంది. కోయంబత్తూరుకి చెందిన కరివర్ధన్ అనే ఆయన 1980ల చివర్లో మారుతీ 800 ఇంజను పెట్టి చవకలో ఒంటి సీటు రేసు కారు తయారుచేశారు. దాని పేరే ఫార్ములా మారుతీ. అందరికీ ఒకే రకం కారు, అదే బుల్లి ఇంజను. శ్రీపెరంబుదూరు ట్రాక్ మీద ఆ కారుతో మొదలెట్టిన నరైన్ కార్తికేయన్, 2005లో ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరు దగ్గరున్న కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది.

2010లో వోక్స్‌వ్యాగన్ వాళ్ళు అందరికీ ఒకేలాంటి పోలో కార్లిచ్చి పోటీ పెట్టారు. జాతీయ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో ఈమధ్య కొన్నేళ్ళుగా ఒక్క జిప్సీలకే ప్రత్యేకంగా ఓ విభాగం నడిచింది. మారుతీ జిప్సీ తయారీ ఆగిపోయాక కూడానన్నమాట! అంటే పాత బండ్లతో, ఒకే మోడల్ పందెం అనేది మన దేశంలో కొత్తేమీ కాదు.

ఇదంతా నాన్నకి చెప్పాను. మొత్తం విని, "అంటే బండ ఒకటే. ఇంక గెలిచేది గిత్తా, తోలేవాడూ" అన్నాడు. నేను నెలల తరబడి చదివి తెలుసుకున్నది ఒక్క ముక్కలో తేల్చేశాడు.

తర్వాత మన సాఫ్ట్‌వేర్ అలవాటు ప్రకారం ఎక్సెల్ షీటు తెరిచాను. ఇక్కడే నా కళ్ళు తెరుచుకున్నాయి. కారు ఖర్చు సున్నా. ఇంజను విప్పి బిగించడానికయ్యేది మనం ఫోనుకి పెట్టేంత. అసలు ఖర్చు మనిషిని బతికించే సామానుది. పల్టీ కొట్టినా పైకప్పు మీద పడకుండా లోపల ఇనప గొట్టాల బోను కట్టాలి, దాన్నే రోల్ కేజ్ అంటారు. పందెం సీటు, బెల్టులు, హెల్మెట్టు, మెడ విరగకుండా పట్టే పరికరం, నిప్పంటుకోని బట్టలు కావాలి. అవి ఇద్దరికీ కావాలి, పక్కన దారి చదివేవాడు కూడా మనిషేగా! అన్నీ కలిపితే అలాంటి 800లు నాలుగొస్తాయి.

బోను సంగతి కనుక్కుందామని మా ఊళ్ళో ట్రాక్టరు ట్రక్కులు కట్టే బాబాయ్ దగ్గరికెళ్ళాను. "ఇంతదానికి అంత ఆలోచనేందబ్బాయ్, నీళ్ళ పైపు వంచి అతికేద్దాం" అన్నాడు. అంతర్జాతీయ నిబంధనల్లో అతుకు లేని ఉక్కు గొట్టమే వాడాలని రాసుంది. సీటు వెనకుండే ముఖ్యమైన కమానుకి 45 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉండాలి, లేదా 50కి 2. నీళ్ళ పైపుకి పొడవునా అతుకుంటుంది. కారు పల్టీ కొట్టినప్పుడు అది అక్కడే విచ్చుకుంటే? ఇది చెప్తే బాబాయ్ కాసేపాలోచించి, "అయితే నా వల్ల కాదబ్బాయ్, తెలిసినోడి దగ్గరకెళ్ళు" అన్నాడు. ఆ మాట చెప్పగలిగిన మేస్త్రీ అంటే నాకు గౌరవం పెరిగింది.

"ఇంత ఖర్చెందుకు, తెల్లారుజామున బాపట్ల రోడ్డు ఖాళీగానే ఉంటుందిగా" అని మా ఫ్రెండొకడు ఉచిత సలహా ఇచ్చాడు. అయ్యా, మామూలు రోడ్డు మీద పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే 5000 దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. అది పక్కన పెట్టండి. ఆ టైముకి ఆ రోడ్డు మీద పాల క్యాన్లతో సైకిలాయన వస్తాడు. ఆయన ఏ పందేనికీ ఎంట్రీ ఫీజు కట్టలేదు. ర్యాలీలో స్టేజి అంటే రోడ్డు మూసేసి, అంబులెన్సు నిలబెట్టి, ఒక్కో కారునీ విడిగా వదిలి గడియారంతో కొలిచేది. తేడా అదీ.

ఇంకో సంగతి కూడా తెలిసింది. పాత కారైనంత మాత్రాన పందెం చవకైపోదు. డబ్బున్నవాడు అదే 800 ఇంజను మీద లక్షలు పోసి వస్తే మన సున్నా ఖర్చు కారు ఏం చేస్తుంది? చవకగా ఉంచేది కారు కాదు, రూలు. ఫిన్లాండులో 'ప్రతి మనిషి తరగతి' అని అర్థమొచ్చే పేరుతో పాత కార్ల పందెం ఉంది. అక్కడ పోటీ అయ్యాక నీ కారుని తోటి పోటీదారు ఎవరైనా ముందే నిర్ణయించిన ధరకి అడగొచ్చు, నువ్వు కాదనకూడదు. అంతే! ఎలాగూ ఆ ధరకి ఇచ్చెయ్యాల్సిన కారు మీద ఎవడు లక్షలు పోస్తాడు? ఎంత చక్కటి డిజైనో చూడండి. కాపలావాడు అక్కర్లేదు, రూలే కాపలా.

ఇవన్నీ నాన్నకి చెప్పుకుంటూ షెడ్డు దాకా వెళ్ళాం. దుమ్ము తుడుస్తూ అడిగాడు. "అయితే లోపలంతా పీకెయ్యాలా?"

"పీకెయ్యాలి నాన్నా. బోను పట్టాలిగా."

"వెనక సీటు కూడానా?"

నేనేం మాట్లాడలేదు. ఆయన కూడా ఇంకేం అడగలేదు. తలుపు మెల్లగా వేశాడు, గట్టిగా వేస్తే లోపలున్నవాళ్ళు లేస్తారేమో అన్నట్టు. ఎక్సెల్ షీటులో ఈ వరస నేను పెట్టుకోలేదు.

రెండ్రోజులాగి నాన్నే అడిగాడు, కోత పెట్టకుండా ఆడే పందెం ఏమీ లేదా అని. ఉంది! టైం-స్పీడ్-డిస్టెన్స్ ర్యాలీ, పొట్టిగా టీఎస్‌డీ. అందులో వేగం గొప్ప కాదు. ఇచ్చిన దారిలో, ఇచ్చిన సగటు వేగంతో, సరిగ్గా చెప్పిన టైముకి చేరాలి. లేటుగా వచ్చినా తప్పే, ముందొచ్చినా తప్పే. టైము చూసేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారో ముందు చెప్పరు. మామూలు కారు, మామూలు బెల్టు చాలు. ర్యాలీల్లోకి చాలామంది అడుగుపెట్టే గుమ్మం ఇదే.

"దారి చదివేవాడెవడు?" అన్నాడు నాన్న. నేను చుట్టూ చూశాను. ఇంకెవరున్నారు?

కనుమ మర్నాడు మొదలెట్టాం. ముందు బాపట్ల వైపు వెళ్ళి కిలోమీటరు రాళ్ళతో మీటరు సరిచూశాం. 25కి 26 చూపిస్తోంది. ఆ లెక్క నాన్న పాకెట్ డైరీలో రాసుకున్నాడు. తర్వాత పొలాల డొంకల్లో 18 కిలోమీటర్లు, సగటు 36, అంటే అరగంట. ఆరో కిలోమీటరు దగ్గర గడ్డి ట్రాక్టరు అడ్డమొచ్చి రెండు నిమిషాలు పోయాయి. నేను కంగారుపడి యాక్సిలరేటరు తొక్కబోతే, వడ్డీ లెక్కలు నోటితో వేసే మా నాన్న, "పన్నెండు కిలోమీటర్లకి పద్దెనిమిది నిమిషాలుంది. నలభై చాలు" అన్నాడు. నిజంగానే నలభై చాలింది. పదకొండు సెకన్లు లేటు. మొదటిసారికి ఫర్వాలేదనుకుంటా.

కాబట్టి నా నిర్ణయం ఇదీ. ఈ ఏడాది నాన్న కారుతో టీఎస్‌డీ, వెనక సీటుతో సహా. బోను కట్టే కారు విడిగా చూసుకుంటాను, ఎవరో తుక్కుకి వేసేది. మీలో ఎవరింటి షెడ్డులోనైనా 800 ఉంటే దయచేసి తొందరపడి అమ్మకండి. ఓ పదిమందిమి పోగైతే, ఇంజన్లకి సీలు, అందరికీ ఒకే టైర్లు, ఫిన్లాండు రూలు పెట్టుకుని, అనుమతులూ అంబులెన్సూ ఏర్పాటు చేసుకుని మన రెండు రాష్ట్రాల్లో ఒక విభాగం అడగొచ్చు. ఏమంటారు?

అన్నట్టు, హైదరాబాదు బయల్దేరేటప్పుడు నాన్న ప్రశ్నకి జవాబు చెప్పాను. "అన్ని పళ్ళూ వచ్చేశాయి నాన్నా. సీనియర్స్‌లో కట్టాల్సిందే."

"కడదాంలే, ముందు ఆ పదకొండు సెకన్ల సంగతి చూడు" అన్నాడు.