మద్దెలయు మందలింపును

సి భాషను ప్రథమ పాఠముగా బోధించుటను గూర్చి నేను చేసిన విమర్శకు నరసరావుపేటలోని సహాధ్యాపకులిచ్చిన ప్రత్యుత్తరములలో హెచ్చుభాగము ఒక్క సామెతలో ఇమిడిపోవును: ఆడలేక మద్దెల ఓడన్నదట. ఇట్టి మాటకు మౌనమే తగునందురు. కాని మాచర్లనుండియు, గురజాల పల్లెలనుండియు తెలుగు మాధ్యమమున చదివి వచ్చి, మొదటి నెలలోనే ‘ఇది నాకొచ్చే చదువు కాదండీ’ యని తలవంచుకొను పిల్లలను ఎరిగిన నాకు మౌనము చేతకాదు.

పది ఇంటుల అర్రేను మెయిన్‌లో ప్రకటించి సైజాఫ్ అడిగినచో నేటి కంప్యూటరు సాధారణముగా 40 బైట్లని చెప్పును. ఆ అర్రేనే ఒక ఫంక్షనునకు పంపి, అచ్చటను చదరపు బ్రాకెట్లతోనే స్వీకరించి మరల అడిగినచో 8 అనును. వ్రాత ఒక్కటే, వస్తువు వేరు: లోపలికి చేరినది అర్రే కాదు, దాని మొదటి గడి చిరునామా. కన్నులారా చూచిన గుర్తును నమ్మిన పిల్లవాడు చేసిన అపరాధమేమి?

బెల్ ల్యాబ్సునందు బి యను పూర్వభాషనుండి సి భాషను రూపొందించిన డెనిస్ రిచీయే, దాని పరిణామమును గూర్చి 1993లో ప్రకటించిన వ్యాసమున, ఫంక్షను తలకట్టునందలి ఆ ఖాళీ బ్రాకెట్లు పూర్వరూపపు సజీవశిలాజమనియు, పాత ప్రోగ్రాములతో పొత్తు చెడకుండుటకై కొంతవరకు నిలిచినవనియు, నేర్చుకొనువానిని తికమక పెట్టుచున్నవనియు దాపరికము లేక చెప్పెను. మద్దెలను మలచినవాడే దాని ఓటితనమును చూపుచుండగా, ఆడువారిని మందలించుట న్యాయమా?

విమర్శించుట భాషాద్రోహమనువారు, సి పుస్తకమును రిచీతో కలిసి రచించిన కెర్నిగన్ 1981లో పాస్కల్‌ను విమర్శించిన తీరు చూడవలెను. అందు అర్రే పరిమాణము టైపులోనే భాగమగుటచే, పది గడులకు వ్రాసిన ఫంక్షను ఇరువదింటికి పనికిరాదని ఆయన ఆక్షేపించెను. 1983 నాటి అంతర్జాతీయ ప్రమాణమున దానికొక మార్గము, ఐచ్ఛికముగనైనను, చేరినది.

ప్రత్యుత్తరములలో నన్ను నిజముగా ఆలోచింపజేసినది ఒక పూర్వవిద్యార్థి మాట: “మాస్టారూ, మైక్రోకంట్రోలర్ల పనిలో నాకు అన్నం పెడుతున్నవి ఆ చిరునామాలే. అవి చెప్పకపోతే ఎట్లా?” చెప్పవలసినదే నాయనా, దాచుమని నేననలేదు. మొదటి సెమిస్టరున పైథాన్‌తో చేయి కుదిరిన పిమ్మట, రెండవదానిలో బోర్డుమీద గడులు గీసి, 1000, 1004, 1008 అని చిరునామాలు వేసి, తలకట్టున బ్రాకెట్లకు మారుగా నక్షత్రపు గుర్తుతోనే పాయింటరును వ్రాయించి, ప్రక్కనే పరిమాణమునుగూడ పంపించు అలవాటు చేయింపుమని మా పాఠ్యప్రణాళిక కూర్చువారిని అడుగుచున్నాను.