ఆలూరు గాలికి ఎంత రెక్క?

మబ్బు వస్తుంది... చూసి వెళ్లిపోతుంది. వానకు ఎప్పుడూ కరవే. గాలికి మాత్రం కొదవలేదు! కర్నూలు జిల్లా పడమటి అంచున, కన్నడ సీమను ఆనుకుని ఉన్న ఆలూరులో ఆషాఢం చాలా ఏళ్లు ఇలాగే గడుస్తుంది. ఒకప్పుడు ఆ గాలి కళ్లంలో గింజలు తూర్పారబట్టడానికే పనికొచ్చేది. ఇప్పుడు దాన్ని కొలిచి, లెక్కకట్టి, సరిపడే రెక్కను ఎంచి మరీ కరెంటు తీస్తున్నారు. ఆ రెక్క కొలత వెనక పెద్ద కథే ఉంది.

ఆదోని పత్తి మార్కెట్‌ దాటి 167వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణంగా బయల్దేరితే ఆలూరు వస్తుంది. దారి పొడవునా నల్లరేగడి చేలు. పత్తి, వేరుశనగ, జొన్న. అక్కడక్కడా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే బండల గుట్టలు. ఇటు గుంతకల్లు, అటు బళ్లారి. తెలుగు, కన్నడం కలిసి వినిపించే నేల ఇది. ఆలూరు, ఆస్పరి చుట్టుపక్కల మెరకల మీద చూపు నిలిపితే తెల్లటి గాలిమరలు కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే అగ్గిపుల్లలకు కాగితం పువ్వులు గుచ్చినట్టుంటాయి. దగ్గరికెళ్తే తెలుస్తుంది... ఒక్కో రెక్క ఎంత పొడవో!

వాన అక్కడ, గాలి ఇక్కడ

అసలు ఇక్కడే ఇంత గాలి ఎందుకు? అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలకు తగిలి, మోసుకొచ్చిన నీటిలో చాలా భాగం అక్కడే కుమ్మరిస్తాయి. కొండ దిగి ఇటు వచ్చేసరికి మిగిలేది ఎక్కువగా గాలే. దీన్నే వర్షచ్ఛాయ ప్రాంతం అంటారు. రాయలసీమకు వానను దూరం చేసిన కనుమలు గాలిని మాత్రం ఆపలేదన్నమాట. ఏడాది పొడవునా గాలిమరలు తీసే కరెంటులో ఎక్కువ భాగం ఈ రుతుపవనాల నెలల్లోదే.

అలాగని ఇది తుపాను గాలేమీ కాదు. తమిళనాడులో కన్యాకుమారి దగ్గరి ముప్పందల్‌లో కనుమల సందులోంచి గాలి దూసుకొస్తుంది. సీమ గాలి అంత జోరుది కాదు... ఓ మోస్తరుగా, నిలకడగా వీస్తుంది. చిక్కంతా అక్కడే.

అవ్వలకు తెలిసిన సూత్రం

కళ్లంలో తూర్పారబట్టడం చూసినవారికి ఈ చిక్కు తేలిగ్గా అర్థమవుతుంది. చేటతో గింజను ఎత్తి పోస్తుంటే పొట్టు దూరంగా ఎగిరిపోతుంది, గింజ కాళ్ల దగ్గర రాలుతుంది. జొన్నకు సరిపోయిన గాలి కొర్రకు సరిపోదు. కొర్ర గింజ తేలిక. గాలి జోరుగా ఉంటే పొట్టుతోపాటే పోతుంది. అందుకే ఏ గింజకు ఏ గాలి కావాలో చూసుకుని చేట పట్టేవారు. బరువు, గాలి, దానికి ఎదురుగా నిలిచే వెడల్పు... ఈ మూడూ కుదరాలి.

సముద్రం మీద ఆడే ఓ కొత్త ఆటలోనూ ఇదే లెక్క. దాని పేరు వింగ్‌ ఫాయిలింగ్‌. 2018-19 నుంచి ప్రపంచమంతా పాకింది. గాలి నింపిన రెక్కను చేతులతో పట్టుకుని పలక మీద నిలబడతారు. పలక కింద నీటిలో మరో చిన్న రెక్క ఉంటుంది. వేగం అందుకోగానే అది పలకను నీటిపైకి లేపేస్తుంది. చేతి రెక్కలు 2 నుంచి 8 చదరపు మీటర్ల దాకా దొరుకుతాయి. గంటకు 28-37 కిలోమీటర్ల గాలిలో 80 కిలోల మనిషికి సుమారు 5 చదరపు మీటర్లది కావాలి. 50-55 కిలోల వారికి మూడున్నర, నాలుగు చాలు. పెద్దదైతే ఇంకా వేగం కదా అని తీసుకున్నారో... విసురు గాలి మనిషినే ఈడ్చేస్తుంది. పొట్టివారైతే రెక్క కొన నీళ్లలో తగిలి బోల్తా కొడతారు. గాలి బాగా మందగించిన రోజున మాత్రం తేలికవారు కూడా 5 చదరపు మీటర్ల రెక్కే పట్టాలి. మనిషి బరువు ఒక్కటే చూస్తే చాలదు, ఆ రోజు గాలినీ చూడాలి.

అదే మర... పెద్ద రెక్క!

ఆలూరులో సముద్రం లేదు. కానీ గుట్ట మీద మర నిలబెట్టే ఇంజినీరు ముందున్నదీ ఇదే ప్రశ్న. గాలి వేగం రెట్టింపైతే దానిలోని శక్తి రెండు రెట్లు కాదు, 8 రెట్లవుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలికీ 6 మీటర్ల గాలికీ తేడా ఒక్క మీటరే. శక్తిలో తేడా మాత్రం 73 శాతం! గాలి వేగాన్ని మనం పెంచలేం. మన చేతిలో ఉన్నవి రెండే... స్తంభం ఎత్తు, రెక్క పొడవు.

1990లలో అనంతపురం జిల్లా రామగిరి గుట్టల మీద గాలిమరలు వెలిశాయి. ఆ కాలంలో 225-250 కిలోవాట్ల మర చక్రం అడ్డకొలత 30 మీటర్ల లోపే ఉండేది. తర్వాత మరలు పెద్దవయ్యాయి. అంతకంటే ముఖ్యమైన మార్పు ఇంకోటి వచ్చింది. సుజ్లాన్‌ కంపెనీ మరలనే చూడండి. 2.1 మెగావాట్ల మరకు మొదట 88 మీటర్ల చక్రం ఉండేది. తర్వాత అదే సామర్థ్యానికి 97, ఆపైన 111.8, చివరికి 120 మీటర్ల చక్రం బిగించారు. అడ్డకొలత పెరిగింది 36 శాతమే. గాలిని పట్టే వైశాల్యం మాత్రం 86 శాతం పెరిగింది. జనరేటరు సామర్థ్యం అంతే, రెక్కే పెద్దది. దాంతో మందగాలిలోనూ మర పూర్తి సామర్థ్యానికి త్వరగా చేరుకుంటుంది. గాలి చాలదని పక్కన పెట్టిన మెరకలకు విలువ వచ్చిందంటే కారణం ఇదే.

మరి ముప్పందల్‌లాంటి చోట కూడా ఇదే పొడుగు రెక్క పెట్టొచ్చుగా? కుదరదు. ఈదురుగాలిలో రెక్క మీద పడే భారం విపరీతం. రెక్క పొడవు పెరిగేకొద్దీ దాని బరువు అంతకంటే వేగంగా పెరుగుతుంది. స్తంభం, పునాది, ఖర్చు అన్నీ పెరుగుతాయి. అందుకే అంతర్జాతీయ ప్రమాణాల్లో మరలను గాలిని బట్టి తరగతులుగా విడదీశారు. ఏడాది సగటు గాలి సెకనుకు 10 మీటర్లుంటే మొదటి తరగతి, 8.5 అయితే రెండోది, 7.5 అయితే మూడోది. మన దేశంలో చాలా చోట్ల పనికొచ్చేది మూడో తరగతి మరే. గాలి మరీ రేగితే రెక్కలు అంచు తిప్పుకుని గాలిని వదిలేస్తాయి... జోరెక్కినప్పుడు చేటను వాలుగా పట్టినట్టు!

రెక్కను ఎంచేముందు గాలిని కొలవాలి. స్తంభం పాతి కనీసం ఏడాదిపాటు లెక్క రాసుకుంటారు. ఈ పనికి మన దేశంలో బాట వేసినవారిలో వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణి (1918-2001) ముఖ్యులు. దేశంలోని గాలి వివరాలను పోగేసి 1983లో పుస్తకంగా తెచ్చారామె. ఇప్పుడు చెన్నైలోని జాతీయ పవన విద్యుత్‌ సంస్థ దేశమంతటికీ గాలి పటాలు తయారుచేస్తోంది.

గాలి మనదే, మరి బతుకు?

ఇంత లెక్క తెలిశాక ఒక మాట అనుకోవాలి. పంట దెబ్బతిన్న ఏడు ఆలూరు, ఆదోని పల్లెల నుంచి కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు కదులుతాయి. ఇక్కడ దాన్ని ‘సుగ్గి’ అంటారు. పిల్లల చదువులు నడుమలో ఆగేదీ అప్పుడే. గాలిమర నిలబెట్టేటప్పుడు పని ఉంటుంది. తిరగడం మొదలయ్యాక దానికి మనుషులు పెద్దగా అక్కర్లేదు. కాబట్టి మర ఒక్కటే వలసను ఆపదు. ఆ కరెంటు ఊరి బోరుకు, బడికి, చిన్న పరిశ్రమకు అందినప్పుడే గాలి నిజంగా ఊరిదవుతుంది. గాలికి తగ్గ రెక్కను ఎంచడం ఇంజినీర్లు నేర్చుకున్నారు. ఊరికి తగ్గ వాటాను ఎంచడం ఇంకా మిగిలే ఉంది.

జూన్‌-ఆగస్టు మధ్య అటు వెళ్తే పిల్లల చేతికి గడియారం ఇచ్చి ఓ పని చెప్పండి. ఒక రెక్క చుట్టూ తిరిగి రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెట్టమనండి. 120 మీటర్ల చక్రానికి 5 సెకన్లు పట్టిందంటే, సోమరిగా తిరుగుతున్నట్టు కనిపించే ఆ రెక్క కొన గంటకు 270 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతోందని అర్థం. నమ్మలేకపోతే మీరూ ఓసారి లెక్క కట్టి చూడండి!