పాత పాట, క్రొత్త వాద్యము

పూర్వుల పాటలను మార్పు లేక కాపాడవలెనా, లేక నేటి వాద్యములతో పాడవచ్చునా యను ప్రశ్న మన యిండ్లలోను దేవాలయములలోను తఱచుగా వినవచ్చుచున్నది. పెద్దలు కీర్తనకు తబలా, తాళములు చాలునందురు. పిల్లలు గిటారు లేనిదే నోరు విప్పరు. ఈ ప్రశ్నకు ఇంగ్లండులోని యొక గాయక బృందము తన నడవడిచేతనే ప్రత్యుత్తర మిచ్చినది. 2019వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున బంధువులను చూడ నా దేశమునకు బోయినప్పుడు, వారి శీతకాల సంచారములోని యొక సభను వినుభాగ్యము మాకు గలిగెను.

ఆ బృందము పేరు ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్. లండనులోని మస్వెల్ హిల్ పేటలో ఫెయిర్‌పోర్ట్ అను నింట కొందఱు యువకులు కూడి సాధకము చేయుచుండిరి. ఆ యింటి పేరే వారి పేరయ్యెను. 1967 మే 27వ తేదిన గోల్డర్స్ గ్రీన్‌లో సెయింట్ మైకేల్ దేవాలయమునకు జేరిన మందిరమున వారి మొదటి సభ జరిగెను. శ్రోతలలో నున్న మార్టిన్ లాంబుల్ అను బాలుడు, మీ డ్రమ్ములవానికంటె నేను బాగుగా వాయింతునని చెప్పి, వాయించి చూపి, వారిలో జేరెను.

1969 మే 12వ తేదిన, బర్మింగ్‌హామ్‌లో సభ ముగించుకొని రాత్రివేళ మరలి వచ్చుచుండగా వారి బండి ప్రమాదమున బడెను. లాంబుల్ మరణించెను, వాని ప్రాయము 19 ఏండ్లు. వారితో బ్రయాణించుచున్న జీనీ ఫ్రాంక్లిన్ అను యువతియు మరణించెను. బృందమును విడిచిపెట్టుదమా యని మిగిలినవారు యోచించిరి. తుదకు సాగుటకే నిశ్చయించిరి.

దుఃఖమున వారు పట్టుకొన్న యూతకోల పల్లెల పాతపాట. 1903లో సోమర్సెట్ సీమలో నొక తోటమాలి పాట విని సెసిల్ షార్ప్ అను పండితుడు జానపద గీతములను వ్రాసికొన నారంభించెను. అతని పేర వెలసిన భవనములోని గ్రంథాలయములో బృందసభ్యుడు ఆష్లీ హచింగ్స్ పాతపాటలను వెదకెను. అందఱును హాంప్‌షైర్ సీమలో నొక పల్లెటింట వేసవి యంతయు నుండి సాధకము చేసిరి. శాండీ డెన్నీ కంఠమును, డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలును, విద్యుత్ గిటారులును కలిసి, ఆ డిసెంబరున "లీజ్ అండ్ లీఫ్" అను రికార్డు వెలువడెను.

మేము చూచిన సభలో నరసిన తలలే మెండు. స్థాపకులలో నాటికి బృందమున నిలిచినవాడు సైమన్ నికల్ ఒక్కడే. రిక్ శాండర్స్, క్రిస్ లెస్లీల ఫిడేళ్లు ఒకదానినొకటి తఱుముచు పోవుచుండెను. పాటకు పాటకు నడుమ హాస్యములాడి జనులను నవ్వించిరి. తుదిపాటగా, రిచర్డ్ థాంప్సన్ పిన్నవయసున రచింపగా 1968లో వెలువడిన "మీట్ ఆన్ ది లెడ్జ్" నెత్తుకొనగానే మందిరమంతయు గొంతు కలిపెను. మా ప్రక్కనున్న యొక వృద్ధురాలు కన్నులు తుడుచుకొనుచునే పాడెను. లాంబుల్ పోయెను, 1978లో డెన్నీ, 2016లో స్వార్‌బ్రిక్ పోయిరి. పాట మాత్రము పోలేదు.

విద్యార్థులారా, ఇందొక సంగతి గమనింపుడు. వారు గిటారు పట్టుట చేత పాట చెడలేదు. ఏలయన ముందుగా పెద్దల పాటను వెదకిరి, పాఠము నేర్చిరి. పిదప వాద్యము గూర్చిరి. మనలో నీ వరుస తలక్రిందగుచున్నది. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలలో పల్లవియు నొక చరణమును దప్ప తక్కినవి నేటి బాలబాలికలకు నోటికి రావు. వాద్యమెంత గొప్పదైనను, మఱచిన చరణమును అది పాడగలదా?

కావున ఈ సెలవులలో మీ అమ్మమ్మనో తాతగారినో అడిగి, యొక్క కీర్తనను అన్ని చరణములతో కాపీపుస్తకమున వ్రాసికొనుడు. రాగము కూడ వారి కంఠముననే నేర్చుకొనుడు. తరువాత గిటారు తెండు. మేము అడ్డు చెప్పము, మీతో గూడ పాడుదుము.